గిరాకీ ఉన్న సాక్ష్యం

క్రైస్తవ సంఘాల స్త్రీల సదస్సుకు బయలుదేరే ముందురోజు సాయంత్రం దాకా గుండీలక్క ఆ మాట ఎత్తలేదు. బేరం ఎప్పుడు మొదలుపెట్టాలో తెలియని మనిషి కొట్టు పెట్టుకోకూడదని ఆమె నమ్మకం. ఎదుటివాళ్లు ఆకలి మీద ఉన్నప్పుడు అడగకూడదు, తొందరలో ఉన్నప్పుడు అడగకూడదు. టీ తాగి, కాళ్లు చాపుకుని, నాలుగు మంచి మాటలు చెవిన పడ్డాక అడగాలి. అందుకే అత్తగారు కొట్టు వెనక గదిలో మంచం మీద బట్టలు పరుచుకుని సర్దుకుంటుంటే వేడి టీ గ్లాసు చేతికిచ్చి, గడపకు ఆనుకుని నిలబడింది.

గుండీలు, జిప్పులు, హుక్కులు, లేసులు, లైనింగు గుడ్డ, దారపు రీళ్లు అమ్మే కొట్టు అది. చుట్టుపక్కల దర్జీలంతా అక్కడికే వస్తారు. పెట్టింది అత్తగారు, పెంచింది కోడలు. మగడు సరుకు కోసం తిరుగుతుంటాడు. కౌంటరు వెనక నిలబడి గజం బద్ద మీద లైనింగు గుడ్డ కొలిచి, కత్తెర పెట్టకుండానే సర్రున చింపి ఇచ్చేది కోడలే. అందుకే వీధిలో అందరికీ ఆమె గుండీలక్క అయింది.

"అత్తయ్యా, ఈసారి సదస్సులో సాక్ష్యం ఏం చెబుదామనుకుంటున్నారు?"

"ఏం చెబుతాను, ఎప్పుడూ చెప్పేదే," అంది అత్తగారు శాలువా మడతపెడుతూ.

"ఒక్క ఏడు వేరేది చెప్పరాదూ. మోకాలి నొప్పి తగ్గింది కదా, అది చెప్పండి."

"మోకాలి నొప్పి ఎవరిక్కావాలే. ఆ హాల్లో మోకాలి నొప్పి లేని మనిషిని ఒక్కదాన్ని చూపించు, నేను సాక్ష్యాలే మానేస్తాను."

"పోనీ కొట్టు గురించి చెప్పండి."

"కొట్టు గురించి చెబితే ప్రచారం అంటారు." అత్తగారు టీ ఊదుకుని ఒక గుక్క తాగింది. "నడిచే సరుకు అరలోంచి తీసేయమంటావేమిటి? నువ్వు నిజంగా వ్యాపారం చేసే మనిషివేనా? పోయినేడు ఎవరో మాట్లాడుతుంటే వెనక వరసలో ఆడవాళ్లు ఏమన్నారో తెలుసా? గుండీల కొట్టావిడ ఎప్పుడు లేస్తుంది అని అడిగారు. నేను బయటికి వెళ్లి వస్తూ నా చెవులారా విన్నాను."

అది అబద్ధం కాదు. గుండీలక్క కూడా విన్నది.

"ఈసారి పిల్ల కూడా వస్తోంది, అత్తయ్యా."

అత్తగారు గ్లాసు పక్కన పెట్టి, మడత పెట్టిన శాలువా విప్పి మళ్లీ మడత పెట్టింది. "వస్తే?"

"వింటుంది."

"విననీ. దేవుడు చేసిన మేలు వింటే చెవులు పాడైపోతాయా?"

బేరం అక్కడితో ముగిసింది. గుండీలక్కతో బేరమాడి గెలిచినవాళ్లు ఆ వీధిలో లేరు, ఆమెకు బేరం నేర్పిన అత్తగారు తప్ప.

ఆ సాక్ష్యం గుండీలక్కకు కంఠతా వచ్చు. 'చంటిబిడ్డను వదిలేసి నా కోడలు గడప దాటింది. నేను మూడు రోజులు ఉపవాసముండి మోకాళ్ల మీద ఉన్నాను. మూడో రోజు జోరువాన. ఆ వానలో తడిసి ముద్దై, ఏడుస్తూ వచ్చి నా తలుపు తట్టింది. తప్పిపోయిన గొర్రె ఇల్లు చేరింది.' ఆ మాట దగ్గర అత్తగారు చెయ్యి పైకెత్తుతుంది. హాలంతా చేతులు పైకెత్తుతుంది. ఆమె లేచి వెళ్లిన కుర్చీ పక్కన కూర్చున్న గొర్రె మాత్రం తల వంచుకుని, ఎక్కువా తక్కువా కాకుండా ఒక నవ్వు మొహాన పెట్టుకుని ఉంటుంది.

అందులో చాలా భాగం కుట్టిన లేసే. అది తెలిసినా ఆమె ఇన్నాళ్లూ కిమ్మనలేదు. ఏడాది పొడవునా ఇంట్లో మాట తన మాటే చెల్లుతోంది. కొట్టు తాళాలు తన నడుముకే ఉన్నాయి. ఏడాదికి ఒక్కపూట ముసలావిడ గొప్ప కోసం తల వంచుకుని కూర్చోవడం పెద్ద నష్టమేమీ కాదని లెక్కవేసుకుంది. ఆ లెక్క ఇంతవరకూ సరిపోయింది. కానీ పదమూడు నిండిన ఆడపిల్లలు కూడా సదస్సుకు రావచ్చని సంఘంలో చెప్పినప్పుడు పిల్ల ఎగిరి గంతేసింది. ఆ రోజు నుంచి లెక్క తప్పింది. ఎందుకంటే ఆ సాక్ష్యంలో లేసంతా పీకేసినా ఒక్క ముక్క మిగులుతుంది. బిడ్డను వదిలేసి వెళ్లిన మాట నిజం.

*

సదస్సు జరిగేది ఒక పెద్ద పాఠశాలలో. బల్లలన్నీ బయటికి చేర్చి, తరగతి గదుల్లో పరుపులు పరిచారు. ఏ సంఘం వాళ్లు ఏ గదిలో ఉండాలో తలుపు మీద సుద్దముక్కతో రాశారు. గేటు దగ్గర్నుంచే కోలాహలం. సంచులు, దుప్పట్లు, ఏడాదికోసారి కలుసుకునే ఆడవాళ్ల కౌగిలింతలు, "వందనాలమ్మా, బాగా చిక్కిపోయావు" అని ఒకరంటే "నువ్వు ఆ చిక్కిందంతా తీసుకున్నట్టున్నావు" అని ఇంకొకరు. ఇంటి దగ్గర ఎవరికీ టీ పెట్టక్కర్లేదు, ఎవరి చొక్కా గుండీ ఊడిందో చూడక్కర్లేదు. ఆ తేలిక ఒక్కొక్కరి నడకలో కనిపిస్తోంది. కాలు నొప్పి అని ఏడాదంతా కుర్చీ దిగని వాళ్ల సంఘం నర్సమ్మ మేడ మెట్లు ఎక్కి దిగి చూసొచ్చింది.

పిల్ల సంచి గదిలో పడేసి పాటలు నేర్చుకునే ఆడపిల్లల దగ్గరికి పరుగెత్తింది. కాసేపటికి ఎవరిదో కంజీర చేతిలో పట్టుకుని వచ్చింది.

"అమ్మా, రేపు స్టేజీ పక్కన మేమే వాయిస్తాం. నువ్వూ నానమ్మా ముందు కూర్చోవాలి."

"కూర్చుంటాంలే," అంది గుండీలక్క. స్టేజీ పక్కన అంటే ప్రతి మాటా స్పష్టంగా వినపడే చోటు.

ఒక్కో సంఘం నుంచి ఒక్కరే సాక్ష్యం చెప్పాలి. ఎవరు చెప్పాలో ఆ సంఘం ఆడవాళ్లంతా కలిసి తేల్చుకుని మొదటి సాయంత్రమే పేరివ్వాలి. నియమం ఎప్పటి నుంచో ఉంది కానీ వాళ్ల సంఘంలో దాని అవసరం ఎన్నడూ రాలేదు. పాస్టరమ్మ "సాక్ష్యం ఎవరు చెబుతారు" అని అడగడం, అందరూ అత్తగారి వైపు తిరగడం, అత్తగారు "అబ్బే, నేనేం చెబుతాను" అంటూనే గొంతు సవరించుకోవడం, అంతే.

గుండీలక్క పరుపు పరుచుకుని, దిండు తట్టి, పనిలోకి దిగింది.

ముందు నర్సమ్మ దగ్గరికి వెళ్లింది. "ఏటా ఒక్కరే మాట్లాడితే మన సంఘంలో ఇంకెవరికీ దేవుడు ఏమీ చేయలేదనుకోరూ?" అంది. నర్సమ్మ ఆలోచించి, నిజమే అంది. ఇంకో ఇద్దరితో, "స్టేజీ మెట్లు ఎత్తుగా ఉన్నాయి, అత్తయ్యకి కష్టం," అంది. అదీ నిజమే. దర్జీపని చేసే టైలరమ్మ ఆమె పాత ఖాతాదారు. ఆవిడకు ఆపరేషను లేకుండానే కంటి జబ్బు నయమైంది. ఆ సరుకు చాలు, సాక్ష్యం నిలబడుతుంది.

"నువ్వు చెప్పు వదినా. సూదిలో దారం ఎక్కించలేని మనిషివి మళ్లీ కాజాలు కుడుతున్నావు. ఇంతకన్నా ఏం కావాలి?"

"అమ్మో, నా వల్ల కాదు. మైకు చూస్తే నా పేరే మరిచిపోతాను. కావాలంటే నీ పేరుకి చెయ్యెత్తుతాను."

"నా పేరెందుకు?"

"మరెవరు చెబుతారు? పెద్దావిడ వద్దంటివి, నేను కాదంటిని. ఇంకెవరిని అడిగినా నాలాగే అంటారు."

అది గుండీలక్క లెక్కలో లేదు. కానీ ఆలోచిస్తే తప్పేమీ కనిపించలేదు. తను ఎక్కితే అత్తగారు ఎక్కరు. మోకాలి నొప్పి సాక్ష్యం తనే చెప్పి దిగిపోవచ్చు. ఎవరూ చప్పట్లు కొట్టకపోయినా తనకొచ్చే నష్టం లేదు.

సాయంత్రం ప్రార్థన అయ్యాక పాస్టరమ్మ గదిలో అందరినీ కూర్చోబెట్టింది. "సాక్ష్యం ఎవరు చెబుతారు?" అని అడిగి అలవాటుగా అత్తగారి వైపు చూసింది.

"అబ్బే, నేనేం చెబుతాను," అంది అత్తగారు గొంతు సవరించుకుంటూ.

"ఈసారి గుండీలక్క చెబుతుందట," అంది టైలరమ్మ. నర్సమ్మ చెయ్యెత్తింది. ఒకరి వెనక ఒకరు చేతులు లేచాయి. చివరికి పాస్టరమ్మ కూడా, ఏం జరుగుతోందో పూర్తిగా అర్థం కాకుండానే, చెయ్యెత్తేసింది.

అత్తగారు ఆ చేతులన్నీ చూసింది. ఆఖరున కోడల్ని చూసింది. కోపం కాదు. తనకు అలవాటైన ఖాతాదారు పక్క కొట్టు మెట్లెక్కుతుంటే చూసినట్టు చూసింది.

"బాగుంది. ఒక్కపూటలో గదంతా కొనేసిందన్నమాట," అంది. "నేను నేర్పిన విద్యేగా. చెప్పనీ."

ఆ మాట నవ్వుతూనే అంది. కానీ తర్వాత తన దిండూ దుప్పటీ తీసుకుని గదిలో ఆ మూలకు, నర్సమ్మ పక్కకు మారిపోయింది. పిల్ల కూడా తన దుప్పటి చుట్టుకుని నానమ్మ పక్కకే వెళ్లింది. పెళ్లై ఈ ఇంటికొచ్చాక సదస్సులో అత్తగారి పక్కన కాకుండా పడుకోవడం గుండీలక్కకు అదే మొదలు. గెలిచిన బేరం ఇలా ఉంటుందని ఆమె అనుకోలేదు.

*

మర్నాడు హాలు నిండింది. కిటికీల అవతల కూడా నిలబడ్డారు. పాట మొదలయ్యేసరికి ఆడవాళ్లంతా లేచారు. ఇంట్లో గొంతెత్తితే "ఏమిటా అరుపు" అనిపించుకునేవాళ్లంతా ఒక్కసారి గొంతెత్తితే ఎలా ఉంటుందో వింటే గానీ తెలియదు. రేకుల కప్పు మోగింది. గుండీలక్క పక్కనే నిలబడ్డ పెద్దావిడకు శ్రుతి లేదు, తాళం లేదు. అయినా కళ్లు మూసుకుని, అందరికంటే ఒక అడుగు ముందు పాడేస్తోంది. ఆవిణ్ని చూస్తుంటే గుండీలక్కకు నవ్వొచ్చింది. నవ్వుతూనే తనూ పాడింది. ఏడాదిలో ఏ పూటా లెక్కలు లేకుండా ఉండని ఆమె తల ఆ కాసేపు ఖాళీగా ఉంది.

స్టేజీకి ఎడమవైపు ఆడపిల్లల వరసలో పిల్ల కంజీర వాయిస్తోంది. చెమటకు నుదుటి మీద వెంట్రుకలు అంటుకుపోయాయి. మధ్యమధ్యలో నానమ్మను వెతుక్కుని నవ్వుతోంది. అత్తగారు రెండో వరస మొదట్లో కూర్చుంది, గుండీలక్కకు నాలుగు కుర్చీల అవతల.

వాక్య ప్రసంగం అయింది. సాక్ష్యాలు మొదలయ్యాయి. ఒకామె కొడుకు తాగుడు మానేసిన సంగతి చెప్పింది. ఒకామె మాట్లాడలేక ఏడ్చి, ఏడుపే సాక్ష్యంగా దిగిపోయింది. సభకు అధ్యక్షురాలు జుట్టంతా తెల్లబడిన రిటైరైన టీచరమ్మ. ఎవరికి మైకు ఎంత దూరంలో పెట్టాలో ఆవిడే సర్దుతోంది. గుండీలక్క సంఘం పేరు పిలవగానే హాలు వెనక నుంచి ఒక కదలిక వచ్చింది. కుర్చీలు సర్దుకున్న చప్పుడు. 'ఇదిగో, ఇప్పుడు' అన్న గుసగుస. అత్తగారి బదులు గుండీలక్క మెట్లెక్కేసరికి ఆ గుసగుస సద్దుమణిగింది.

"అందరికీ వందనాలు," అంది గుండీలక్క. "మా అత్తయ్యగారికి చాలాకాలంగా మోకాలి నొప్పి. మెట్లు ఎక్కలేకపోయేవారు..."

"ఆవిడే కదూ?" అని ఎవరో పైకే అన్నారు.

"ఎవరు?"

"ఆ కోడలే. పక్క కుర్చీలో కూర్చునేది."

"అవును, ఆవిడే. అమ్మా, నువ్వే కదా ఆ కోడలివి?"

గుండీలక్క మైకు ముందు ఆగింది. "...మందులు వాడాం. ప్రార్థన చేశాం..."

"మోకాలు తర్వాత చెబుదువుగాని తల్లీ, వాన సంగతి చెప్పు," అంది మధ్య వరసల్లోంచి ఒక ముసలావిడ. హాలంతా నవ్వింది. "మా మనవరాల్ని ఇది వినిపించడానికే తీసుకొచ్చాను." "మా కోడలు కూడా ఇక్కడే ఉందమ్మా, చెప్పు చెప్పు." నవ్వులో చప్పట్లు కూడా కలిశాయి.

అధ్యక్షురాలు ఆమె చెవి దగ్గరికి వంగింది. "అందరూ అడుగుతున్నారమ్మా. నీకు ఇబ్బందైతే మీ అత్తగారినే పిలుద్దాం. ఆవిడ ఇక్కడే ఉన్నారుగా."

గుండీలక్క పిల్ల వైపు చూసింది. పిల్ల కంజీర ఒళ్లో పెట్టుకుని, నోరు కాస్త తెరుచుకుని, తల్లినే చూస్తోంది. స్టేజీ దిగితే అత్తగారు ఎక్కుతారు. ఎక్కితే ఆ మాట ఎలాగూ పిల్ల చెవిన పడుతుంది, లేసంతా కుట్టి మరీ పడుతుంది. వినక తప్పని మాటైనప్పుడు వేరేవాళ్ల నోట పడేకంటే తన నోటితో పడడమే మేలు. ఆమె గబగబా వేసిన లెక్క అది.

"సరే," అంది. "నేనే చెబుతాను. బిడ్డను వదిలి వెళ్లిన మాట నిజం."

హాలంతా ముందుకు వంగింది.

"ఎందుకు వెళ్లానంటే నవ్వుతారు. మా కొట్టులో గుండీల డబ్బాలు అత్తయ్య సైజుల ప్రకారం పేర్చేవారు. నేను ఒక మధ్యాహ్నం అంతా కూర్చుని రంగుల ప్రకారం పేర్చాను. సాయంత్రానికి ఆవిడ మళ్లీ సైజుల్లోకి మార్చేశారు. మాటా మాటా పెరిగింది. పిల్ల నిద్రపోతోంది. కట్టుబట్టలతో మా అక్క ఇంటికి వెళ్లిపోయాను. గంటలో వచ్చేద్దామనే వెళ్లాను. తీరా వెళ్లాక నేనే ముందు తగ్గడమెందుకని కూర్చున్నాను. ఒక పూట అయింది, ఒక రోజు అయింది. పాలు గడ్డకట్టి రొమ్ములు సలుపుతున్నా లేవలేదు. అంత పొగరు. డబ్బాల కోసం."

ఎవరూ నవ్వలేదు. ఆమె పిల్ల వైపు చూడలేదు.

"అప్పుడు వాన వచ్చింది," అని అందించింది ఆ ముసలావిడ.

"వచ్చిందండీ."

"తడిసి ముద్దై వచ్చి తలుపు తట్టావు."

"తట్టింది నేను కాదండీ."

"అదేంటమ్మా, నువ్వే తట్టావు," అంది ఇంకొకామె. "ఏడుస్తూ వచ్చావు. మేం ఏటా వింటున్నాంగా." అటూ ఇటూ అందరూ అవునవునన్నారు. ఆమె జీవితం గురించి ఆమెకంటే వాళ్లకే బాగా తెలిసినట్టు.

గుండీలక్క అత్తగారి వైపు చూసింది. అత్తగారు తల మీద గుడ్డ నుదుటి మీదకు లాక్కుని, ఒడిలో చేతులు ముడుచుకుని కూర్చుంది. అంత చిన్నగా ఆ మనిషి ఎప్పుడూ కనిపించలేదు. ఇన్నేళ్లుగా ఈ హాల్లో సంపాదించుకున్న మర్యాదంతా ఇప్పుడు కోడలి నాలుక చివర ఉంది. లాగేయాలంటే ఒక్క మాట చాలు. ఆ మాట అనాలని ఎన్ని సదస్సుల్లో పళ్లు కొరుక్కుంటూ కూర్చుందో.

తీరా నోటిదాకా వచ్చాక దాని రుచి బాగా లేదు.

"అంటే... మా అత్తయ్యే వచ్చారు," అంది తేలిగ్గా. "పెద్ద విశేషమేం లేదు. అటువైపు ఏదో పని ఉండి, గొడుగేసుకుని, దారిలోనే కదా అని అలా ఒకసారి..."

"గొడుగెక్కడిదే?"

హాలంతా తిరిగి చూసింది. అత్తగారు లేచి నిలబడింది. పరువు పోతే భరించేదేమో. తన సరుకు తన కళ్ల ముందే అంత చవగ్గా పోతుంటే చూస్తూ ఊరుకునే మనిషి కాదు.

"రెండు చేతుల్లో పిల్లుంటే గొడుగు పళ్లతో పట్టుకోనా? పనేమిటి పని, ఆ వానలో కుక్కలు కూడా బయటికి రాలేదు. లైనింగు గుడ్డలో పిల్లను చుట్టి, పైన సరుకు మీద కప్పే పట్టా కప్పి, గుండెకు అదుముకుని నడిచాను. బురదలో ఒక చెప్పు పోయింది. వంగి తీసుకోవడానికి లేదు. రెండోది కూడా అక్కడే వదిలేశాను. ఒక్క చెప్పు ఏం చేసుకోను?"

ఎవరో ఫక్కున నవ్వారు. మైకు లేకపోయినా ఆవిడ గొంతు వెనక గోడదాకా వెళ్లింది. గజం బద్ద దగ్గర నలభయ్యేళ్లు అరిచిన గొంతు.

"ఉపవాసమన్నావు కదక్కా," అంది ముసలావిడ.

"ఉపవాసమే. ఈ పిల్ల మూడు రోజులూ ముద్ద దిగనిస్తేగా. ఒకటే ఏడుపు. ప్రార్థనా నిజమే. ప్రభువా, ఈ పిల్లను ఊరుకోబెట్టు, లేదా దాని తల్లిని పంపించు అని మొత్తుకున్నాను. ఆయన రెండూ చేయలేదు. నన్ను లేపి నడిపించాడు."

"మరి ఏడ్చిందెవరు?"

అత్తగారు ఒక్క క్షణం ఆలోచించింది. "ముగ్గురం ఏడ్చాం. ఎవరు మొదలుపెట్టారో ఇప్పుడెవరికి గుర్తు." కోడలి వైపు చూసింది. "డబ్బాలు నీ ఇష్టమొచ్చినట్టు పేర్చుకో, దీన్ని మాత్రం నువ్వే పడుకోబెట్టు, నా వల్ల కాదన్నాను. అన్నానా లేదా? చెప్పు, మైకు నీ దగ్గరే ఉంది."

"అన్నారు," అంది గుండీలక్క మైకులో.

అప్పుడు లేచిన చప్పుడును సాక్ష్యాల మధ్య ఎవరూ ఆశించలేదు. నవ్వేవాళ్లు నవ్వుతున్నారు, కళ్లు తుడుచుకునేవాళ్లు తుడుచుకుంటున్నారు. హాల్లో అక్కడక్కడా అత్తలూ కోడళ్లూ ఒకరినొకరు కొత్తగా చూసుకుంటున్నారు. అధ్యక్షురాలు మైకు అందుకుని ఏదో అనబోయి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఆవిడ సైగ చేయకుండానే ఆడపిల్లల వరసలోంచి కంజీర మోగింది. పాట అందుకున్నారు. చేతులు పైకి లేచాయి, తప్పిపోయిన గొర్రె ఎవరో ఎవరికీ తేలకుండానే.

*

భోజనాల దగ్గర పిల్ల కనిపించలేదు. గుండీలక్క వరసలోంచి తప్పుకుని గదిలో చూసింది, మేడ మెట్ల దగ్గర చూసింది. చివరికి చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర దొరికింది. స్నేహితురాళ్లు వెళ్లిపోయారు. పిల్ల ఒక్కతే మొహం మీద నీళ్లు చల్లుకుంటోంది.

గుండీలక్క కుళాయి కట్టేసి నిలబడింది. ఎదుటి మనిషికి ఆకలి తీరాక అడగాలన్న సూత్రం గుర్తే రాలేదు.

"కోపమొచ్చిందా?"

"ఎందుకు?"

"నిన్ను వదిలి వెళ్లానని."

పిల్ల మొహం తుడుచుకుంది. "నాకు తెలుసుగా."

"ఏం తెలుసు?"

"అదంతా. నానమ్మ ఎప్పుడో చెప్పింది. జడ వేసేటప్పుడు కదలకుండా కూర్చుంటే చెప్పేది. నాకు చాలా ఇష్టం ఆ కథ. పట్టా, చెప్పు, అన్నీ తెలుసు." పిల్ల నవ్వింది. "స్టేజీ మీద నువ్వు గొడుగన్నావు చూడు, నేనే అరిచేసేదాన్ని. నానమ్మ ముందే లేచేసింది."

అత్తగారు సదస్సుకు ఒక సాక్ష్యం, ఇంట్లో ఒక సాక్ష్యం పెట్టుకుంది. మనవరాలికి మాత్రం లేసు కుట్టని ముక్కే ఇచ్చింది.

"నేను మూడు రోజులు రాలేదని కూడా చెప్పిందా?"

"చెప్పింది. మీ అమ్మకు పంతమెక్కువ, నీకూ అదే వచ్చింది అంది." పిల్ల తడి చేతులు బట్టలకు తుడుచుకుంటూ, "నువ్వొకటి వదిలేశావు కూడా," అంది.

"ఏమిటి?"

"తలుపు తీసి నువ్వు ముందు నన్నెత్తుకోలేదట. నానమ్మ తల తుడిచావట. నీ తలగుడ్డతోనే. 'మూడు రోజుల్నుంచి బిడ్డను చూడని తల్లి ముందు నా తల తుడిచింది, అప్పుడనుకున్నాను, ఇక ఈ ఇంటికి దిగుల్లేదని' అంటుంది. ఆ ముక్క దగ్గర నానమ్మ జడ వేయడం ఆపేస్తుంది. నేనే 'తర్వాత' అని అడగాలి."

గుండీలక్కకు అది గుర్తు లేదు. తలుపు తీయడం గుర్తుంది, వాన చప్పుడు గుర్తుంది, పిల్ల బరువు గుర్తుంది. తుడవడం గుర్తు లేదు. తనకు రావలసిన బాకీలన్నీ ఏళ్ల తరబడి మనసులో రాసిపెట్టుకున్న మనిషి తను. తనకు చేరవలసిన ఒకటి మాత్రం తనకే తెలియకుండా అత్తగారి లెక్కలో భద్రంగా ఉంది.

"పద," అంది పిల్ల భుజం మీద చెయ్యి వేసి. "ఆకలేస్తోంది."

భోజనాల బల్లల దగ్గర ఒకచోట గుంపు కట్టింది. మధ్యలో అత్తగారు. ముందున్న పళ్లెం ముట్టలేదు, రెండు చేతులకూ తీరిక లేదు. వెనక నిలబడ్డవాళ్లు మునివేళ్ల మీద లేచి వింటున్నారు. టైలరమ్మ గుంపు అంచున నిలబడి, "ఇదిప్పటికి మూడోసారి చెప్పడం. నది కూడా పొంగింది," అంది గుండీలక్క చెవిలో.

"నదా?"

"విను, విను."

"...మోకాళ్ల దాకా నీళ్లు," అంటోంది అత్తగారు. "ఇటు చూస్తే నీళ్లు, అటు చూస్తే నీళ్లు. చెట్లు విరిగిపడుతున్నాయి. ఒక చేత్తో పిల్లను తల మీదకెత్తి..."

"అయినా అక్కా, ఇన్నేళ్లూ తిరగేసి ఎందుకు చెప్పావు?" అంది ముసలావిడ.

"తిరగేయక? అత్త చెప్పుల్లేకుండా కోడలి గడప దగ్గరకు నడిచిందని చెబితే, మీ కోడళ్లంతా ఇళ్లకెళ్లి గడపల దగ్గర కుర్చీలు వేసుకుని కూర్చోరూ? మీ మేలు కోరే చెప్పాను." గుంపంతా గొల్లుమంది. ఆ నవ్వులోంచి అత్తగారి కళ్లు కోడల్ని పట్టుకున్నాయి. నది మధ్యలో ఉండగా సొంత మనిషి వచ్చి నిలబడిందని కాస్త తడబడింది. వెంటనే బల్ల మీద పక్కకు జరిగింది, ఒక మనిషి పట్టేంత.

"రా, కూర్చో. నీ కోసమే ఖాళీ ఉంచాను," అంది. అంతకుముందు అక్కడ ఖాళీ లేదు.

గుండీలక్క కూర్చుంది. పిల్ల నానమ్మకు అటువైపు దూరింది. అత్తగారి భుజం తన భుజానికి తగిలింది, గదిలో దిండు మారిన తర్వాత మొదటిసారి.

"ఏమ్మా," అంది ముసలావిడ కోడలి వైపు అనుమానంగా వంగి. "నువ్వు ఒక్క మాటైనా పొల్లు పోనివ్వని మనిషిలా ఉన్నావు. నిజం చెప్పు. అంత వానే?"

అత్తగారు పళ్లెంలోకి చూస్తూ ఒక ముద్ద కలపడం మొదలుపెట్టింది.

"అత్తయ్య తగ్గించి చెబుతున్నారండీ," అంది గుండీలక్క. "ఇంకా పెద్ద వాన."